మగ్గం డిజైన్ల పీడీఎఫ్‌లు ఎక్కడ పెట్టి అమ్మాలి?

ప్రశ్న: నేను కావలిలో ఇంటి దగ్గరే మగ్గం వర్క్ చేస్తాను. జాకెట్టు చేతులకు, వెనక మెడకు సొంతంగా గీసుకున్న డిజైన్లను ట్యాబ్‌లో మళ్లీ గీసి, పీడీఎఫ్‌లుగా ఒక్కొక్కటి 49 రూపాయలకు అమ్ముతున్నాను. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్, టెలిగ్రామ్, వాట్సాప్ అన్నిటిలోనూ ఖాతాలు తెరిచాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పదకొండు వేల మంది ఫాలోవర్లు ఉన్నారు, లైకులకు కొదవ లేదు, కానీ నెలకు ఇరవై డిజైన్లు అమ్ముడుపోవడమే కష్టంగా ఉంది. పైగా నేను అమ్మిన ఫైలునే ఎవరో టెలిగ్రామ్ గ్రూపులో ఉచితంగా పెట్టేశారు. అయినా టెలిగ్రామే మంచిదని మా తమ్ముడు అంటున్నాడు. పదివేలు పెట్టి ప్రకటనలు వేద్దామని మా వారు అంటున్నారు. నాకు కెమెరా ముందు ముఖం చూపించడం ఇష్టం లేదు, రోజుకు గంటన్నరకు మించి తీరిక కూడా లేదు. వీటిలో దేన్ని నమ్ముకోవాలి?
ఒక సోదరి, కావలి, నెల్లూరు జిల్లా

సమాధానం: ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాలకు వస్తాను. కొత్తవారు మిమ్మల్ని వెతుక్కుంటూ రావడానికి యూట్యూబ్‌ను, అలా వచ్చినవారితో మాట్లాడి డిజైను అమ్మడానికి వాట్సాప్ బిజినెస్‌ను పెట్టుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌ను మూసేయవద్దు గాని, ఇకమీదట దాన్ని ప్రధానంగా కుట్టు పని ఆర్డర్ల కోసం ఉంచుకోండి. టెలిగ్రామ్‌లో అమ్మకం మానేయండి. పదివేల ప్రకటనల ఆలోచనను కొన్నాళ్లు వాయిదా వేయండి.

అసలు చిక్కు మీరు రాసిన "లైకులకు కొదవ లేదు" అన్న మాటలోనే ఉంది. పూర్తయిన జాకెట్టు ఫొటో చూసి లైకు కొట్టేది ఎవరు? పెళ్లి కుదిరిన అమ్మాయో, ఆమె తల్లో, వరలక్ష్మీ వ్రతానికి ఏ చీర మీదికి ఏ జాకెట్టు వేసుకోవాలా అని చూసుకుంటున్న గృహిణో అయి ఉంటుంది. ఆమెకు కావలసింది ఒంటికి వేసుకునే జాకెట్టు గాని దాని గీత కాదు కనుక, పీడీఎఫ్ ఎంత చవకగా ఇచ్చినా ఆమెకు దానితో పని లేదు. మీ పీడీఎఫ్ కొనేవారు వేరే ఉన్నారు. మగ్గం ముందు కూర్చుని రోజంతా పని చేసేవారు, ఇంట్లో ఆరి సూది (మగ్గం పనికి వాడే కొక్కెం సూది) పట్టి కొత్తగా నేర్చుకుంటున్న ఆడపిల్లలు, కుట్టు దుకాణంలో మగ్గం పని కూడా పెట్టుకున్న టైలర్లు, శిక్షణ తరగతులు నడిపేవారు మీ కొనుగోలుదారులు. ఎద్దుల సంతకు జనం వేలల్లో వస్తారని గాజుల మలారం తెచ్చి అక్కడ దించుకుంటే బేరం జరగదు. మీ పదకొండు వేల మందిలో ఎక్కువమంది జాకెట్టు చేయించుకునేవారే అయి ఉంటారని నా అనుమానం.

ఇది అనుమానమే కనుక నమ్మే ముందు పరీక్షించి చూడండి. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పోల్ పెట్టి, "మీరు మగ్గం పని చేస్తారా, చేయించుకుంటారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఎవరు ఏ జవాబు నొక్కారో పేర్లతో సహా మీకు కనిపిస్తుంది. "చేస్తాను" అన్నవారు కొద్దిమందే అయినా వారే మీ అసలు ఖాతాదారులు, వారికి విడిగా సందేశం పంపి వాట్సాప్‌కు రమ్మనండి. "చేయించుకుంటాను" అన్నవారికి పీడీఎఫ్ సంగతి ఎత్తవద్దు, కుట్టు కూలీ, ఇచ్చే గడువు, కొలతలు ఎలా పంపాలన్న సంగతులు మాత్రమే చెప్పండి. ఒకే ఖాతాలో జాకెట్ల బేరం, డిజైన్ల బేరం కలిపి నడుపుతున్నందువల్ల చూసేవారికి మీరు ఏం అమ్ముతున్నారో తెలియడం లేదన్నది కూడా గమనించండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మరో ఇబ్బంది కూడా ఉంది. పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. ప్రొఫైల్‌లో పెట్టిన లింకు, స్టోరీ మీద అతికించిన లింకు పనిచేస్తాయి గాని, ఆ స్టోరీ 24 గంటల్లో పోతుంది. చూడగానే మురిసిపోయే వస్తువుకు ఈ పద్ధతి సరిపోతుంది గాని, అవసరం పడినప్పుడు వెతికి కొనుక్కునే వస్తువుకు సరిపోదు.

మీ పీడీఎఫ్ రెండో రకం వస్తువు. ఒక టైలరుకు ఎల్బో చేతికి నెమలి డిజైను కావలసి వచ్చినప్పుడు, లేదా నేర్చుకుంటున్న అమ్మాయికి జర్దోసి (లోహపు తీగ చుట్ట) నింపడం కుదరక దారం పైకి లేచిపోతున్నప్పుడు వారు ఫోను తీసి వెతుకుతారు. అలా వెతికే అలవాటు మనవాళ్లకు ఎక్కువగా యూట్యూబ్‌లోనే ఉంది. యూట్యూబ్ వీడియోలు గూగుల్ వెతుకులాటలో కూడా కనిపిస్తాయి. పైగా రీల్ రెండు మూడు రోజుల సందడి చేసి మరుగునపడితే, ఉపయోగపడే పాఠం ఉన్న వీడియో నెలల తర్వాత కూడా వెతికేవారికి దొరుకుతూనే ఉంటుంది. రోజుకు గంటన్నర మాత్రమే ఉన్న మీలాంటి వారికి ఇది చిన్న సంగతి కాదు, ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ కొత్తది పెడుతూ ఉంటేనే గుర్తింపు నిలుస్తుంది, యూట్యూబ్‌లో వారానికి ఒక మంచి పాఠం పెట్టినా దాని పని అది చేసుకుపోతుంది.

ముఖం చూపించాల్సిన అవసరమే లేదు. మగ్గం పనిలో చూడవలసినవి చేతులు, సూది, బట్ట మాత్రమే. ఫోనును చట్రానికి పైన నిలువుగా బిగించే స్టాండు ఒకటి, నీడ పడకుండా ఎడమ పక్కన ఒక దీపం ఉంటే చాలు. మాట మాత్రం మీదే ఉండాలి. పాట పెట్టి చేతులు చూపించే వీడియోలు చూడటానికి బాగుంటాయి గాని వాటివల్ల ఎవరూ నేర్చుకోలేరు. మీ కావలి మాటల్లోనే, పక్కన కూర్చున్న అమ్మాయికి చెప్పినట్టు చెప్పండి, పుస్తకాల భాష పెట్టుకోనక్కర లేదు. ఒక్కో వీడియోలో ఒక్కో చిక్కు విప్పండి. చైన్ కుట్టు వంకరపోకుండా తిప్పడం ఎలా, పూసలు రాలకుండా ముడి ఎక్కడ వేయాలి, ట్రేసింగ్ పేపరు మీది గీతను పట్టు బట్ట మీదికి చెదరకుండా ఎలా దించాలి, ఒక చేతి డిజైనుకు జరీ, పూసలు ఎంత పడతాయి, కూలీ ఎలా లెక్క కట్టాలి అన్నవి పని చేసేవారు తప్ప మరొకరు వెతకని ప్రశ్నలు. అలాంటి వీడియో చూసేవాళ్లు వంద మందే అయినా వాళ్లు మీ పీడీఎఫ్‌తో పని పడేవాళ్లే. పాఠంలో మీరు కుట్టేది మీరు అమ్మే డిజైన్లలో ఒకటే అయితే, చివర "దీని గీత కావలసినవారు వాట్సాప్ చేయండి" అన్న ఒక్క మాట సరిపోతుంది. శీర్షికలో తెలుగు లిపితో పాటు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఆ మాటలే రాయండి, చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేసి వెతుకుతారు. కొన్ని వారాలు గడిచాక, ఛానెల్ లెక్కలు చూపించే యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు ఏయే మాటలు వెతికి మీ దగ్గరికి వచ్చారో చూడవచ్చు. తర్వాతి పాఠం ఏం చేయాలో మీకు వాళ్లే చెబుతారు.

లింకుల విషయంలో యూట్యూబ్‌లోనూ ఒక మెలిక ఉంది. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ అనే చిన్న వీడియోల వివరణలో, వాటి కింది వ్యాఖ్యల్లో ఇచ్చే లింకులు నొక్కితే పనిచేయడం లేదు. కాబట్టి షార్ట్స్ చేస్తే దాని నుంచి మీ పెద్ద వీడియోకు దారి చూపించండి, పెద్ద వీడియో వివరణలో మొదటి వరుసలోనే వాట్సాప్ లింకు పెట్టండి. ఛానెల్‌కు ఫోను నంబరు, గుర్తింపు ధ్రువీకరణ ముందే పూర్తి చేసుకోండి, లేకపోతే ఆ లింకు ఉత్త అక్షరాలుగానే ఉండిపోవచ్చు. ఇక యూట్యూబ్ ఇచ్చే ప్రకటనల ఆదాయం మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ ఆదాయంలో వాటా రావడానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గాని, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గాని కావాలి. ఆ అంకె వెంట పడితే మీరు పని నేర్చుకునేవారిని వదిలి, వినోదం కోరేవారి కోసం వీడియోలు చేయడం మొదలుపెడతారు. మళ్లీ ఇన్‌స్టాగ్రామ్ కథే అవుతుంది.

ఇప్పుడు వాట్సాప్ సంగతి. మీ ఇంటి నంబరును ఇందుకు వాడవద్దు. వేరే సిమ్ తీసుకుని, వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి. అది ఉచితం, మీ మామూలు వాట్సాప్‌తో పాటు అదే ఫోనులో ఉంటుంది. రోజూ వందసార్లు టైపు చేసే జవాబులను, అంటే ధర ఎంత, ఎలా కట్టాలి, ఏ సైజులో వస్తుంది అన్నవాటిని అందులో ముందే రాసి పెట్టుకోవచ్చు. మీరు మగ్గం మీద ఉన్న వేళల్లో "సాయంత్రం ఏడు తర్వాత జవాబిస్తాను" అన్న సందేశం దానంతట అదే వెళ్లేలా చేసుకోవచ్చు. అన్నిటికన్నా ఉపయోగపడేది లేబుల్. అడిగి కొననివారు, ఒకసారి కొన్నవారు, మళ్లీ మళ్లీ కొనేవారు, శిక్షణ కేంద్రాలవారు అని వేర్వేరు గుర్తులు పెట్టుకుంటే, కొత్త డిజైను వచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో తెలుస్తుంది. మళ్లీ మళ్లీ కొనేవారు ముప్పై మంది తేలినా వారు మీ పదకొండు వేల మంది ఫాలోవర్లకన్నా విలువైనవారు.

ఈ ముప్పై మందిని గ్రూపులో పడేయకండి. వాట్సాప్ గ్రూపులో ఒకరి నంబరు మరొకరికి కనిపిస్తుంది, ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న గ్రూపులో దానివల్ల వచ్చే తలనొప్పులు మీకు నేను చెప్పనక్కర లేదు. బ్రాడ్‌కాస్ట్ జాబితా మేలు. ఒక్కో జాబితాలో 256 మంది దాకా పెట్టవచ్చు, వెళ్లిన సందేశం ప్రతి ఒక్కరికీ విడిగా వచ్చినట్టే ఉంటుంది. అయితే మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే అది అందుతుంది. అందుకని డిజైను పంపేటప్పుడే "నంబరు సేవ్ చేసుకోండి, నెలకొక డిజైను ఉచితంగా పంపిస్తాను" అని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. కొన్నవారు బాగా పెరిగాక వాట్సాప్ ఛానెల్ పెట్టుకోవచ్చు. అందులో చేరినవారి నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, మీ నంబరు కూడా వారికి కనిపించదు, కానీ అది ఒకవైపు నుంచే సాగే ప్రకటన. మీ బేరం మాత్రం ఇప్పటికి ఎదురెదురు మాటల మీదే నడుస్తుంది. "అక్కా, ఈ మెడ నా కొలతకు తగ్గించి ఇస్తారా?" అని ఎవరైనా అడిగితే అది అమ్మకం అవుతుంది, అలా అడిగే వీలు ఛానెల్‌లో లేదు.

డబ్బు తీసుకోవడానికి ప్రస్తుతం యూపీఐ చాలు. చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ పంపగానే ఫైలు పంపవద్దు, అలాంటి దొంగ స్క్రీన్‌షాట్లు తయారు చేయడం ఈ రోజుల్లో పిల్లలాట. మీ బ్యాంకు ఖాతాలో పడిందని చూసుకున్న తర్వాతే పంపండి. డబ్బు మీకు రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదన్నది కూడా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. రోజుకు పది పదిహేను ఆర్డర్లు దాటి, ఫైళ్లు పంపడానికే గంట పోతోందనిపించినప్పుడు, డబ్బు కట్టగానే ఫైలు తనంతట తానే వెళ్లే పేమెంట్ పేజీ పెట్టుకోవచ్చు. అలాంటి పేజీలు నడిపే సంస్థలు (పేమెంట్ గేట్‌వేలు) సాధారణంగా 2 శాతం చుట్టుపక్కల రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి, అంటే 49 రూపాయల మీద రూపాయి పైచిలుకు. కొన్ని ప్రతి చెల్లింపుకూ ఇన్ని రూపాయలని విడిగా కూడా పట్టుకుంటాయి, చిన్న ధరల మీద అది భారం కనుక చేరేముందు చూసుకోండి.

మీ తమ్ముడు టెలిగ్రామ్ అనడంలో కొంత న్యాయం ఉంది. పెద్ద ఫైళ్లు వెళ్తాయి, గ్రూపులో రెండు లక్షల మంది దాకా చేరవచ్చు, ఛానెల్‌కు ఆ హద్దు కూడా లేదు. పోటీ పరీక్షల అభ్యర్థుల్లో దానికి ఉన్న ఆదరణ చూసి ఆయన చెప్పి ఉండవచ్చు. కానీ డబ్బు పెట్టి కొనవలసిన పీడీఎఫ్‌లను ఉచితంగా తిప్పడానికి అలవాటుపడిన జనం కూడా అక్కడే ఎక్కువ. నీతూ సింగ్ అనే అధ్యాపకురాలు తన పాఠాలు, పుస్తకాలు అనుమతి లేకుండా టెలిగ్రామ్ ఛానెళ్లలో తిరుగుతున్నాయని ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, వాటిని నడుపుతున్నవారి వివరాలు బయటపెట్టమని 2022 ఆగస్టు 30న న్యాయస్థానం టెలిగ్రామ్‌ను ఆదేశించింది. న్యాయం ఆమె వైపే ఉన్నా అందుకు ఢిల్లీ హైకోర్టు దాకా నడవవలసి వచ్చిందన్నది మనం చూడాలి. 49 రూపాయల డిజైను కోసం మీరు అంత దూరం వెళ్లలేరు. మీ డిజైను గీయగానే దాని మీద కాపీరైటు మీదే, అందుకు ఎక్కడా నమోదు చేయనక్కర లేదు. ఆ మాట రాసి ఆ గ్రూపు నడిపేవారికి ఒక సందేశం, టెలిగ్రామ్‌కు ఒక ఫిర్యాదు పంపండి, అంతటితో దాన్ని వదిలేయండి. ఇకముందు అమ్మే ప్రతి పీడీఎఫ్‌లో కొన్నవారి పేరు, ఫోను నంబరులోని చివరి నాలుగు అంకెలు డిజైను మధ్యగా లేత రంగులో పడేలా చేసి పంపండి. దొంగతనం దీనివల్ల పూర్తిగా ఆగదు గాని, తన పేరున్న కాగితాన్ని పదిమందిలో పెట్టడానికి మనిషి వెనకాడతాడు. ఇంతకన్నా జాగ్రత్తగా ఉండవలసింది ప్రచారం ఫొటోల విషయంలో. ఎక్కడ పెట్టినా కుట్టిన జాకెట్టునే చూపించండి, గీతను పూర్తిగా చూపించారంటే స్క్రీన్‌షాట్ తీసి ట్రేసింగ్ చేసుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

మీరు అడగలేదు గాని, అమ్మకం తక్కువగా ఉండటానికి వేదికకన్నా వస్తువే కారణమేమో కూడా చూసుకోండి. పీడీఎఫ్ కొన్న టైలరు దాన్ని వీధి చివర జిరాక్స్ షాపుకు తీసుకువెళ్తాడు. అక్కడి కుర్రాడు ప్రింటులో "ఫిట్ టు పేజ్" పెట్టి తీస్తే డిజైను కుంచించుకుపోతుంది, చేతి అంచుకు సగం అంగుళం తగ్గుతుంది, ఆ తప్పు మీ మీదికి వస్తుంది. ప్రతి పేజీ మూలలో సరిగ్గా ఒక అంగుళం చతురస్రం గీసి, "ప్రింటు తీశాక దీన్ని టేపుతో కొలవండి, అంగుళం లేకపోతే యాక్చువల్ సైజులో మళ్లీ తీయించండి" అని తెలుగులో రాయండి. ఏ4 కాగితం 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు మాత్రమే కాబట్టి, పదకొండు పన్నెండు అంగుళాల చేతి అంచు దాని అడ్డంలో పట్టదు. సగం డిజైను ఇచ్చి మడత గీత చూపించడమో, రెండు పేజీలుగా విడగొట్టి అతికించే గుర్తులు పెట్టడమో చేయండి. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగానే పంపండి, ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, గీత మసకబారుతుంది. ధర విషయానికి వస్తే, 49 రూపాయల డిజైను మొదటి పరిచయానికి బాగుంది గాని బతుకుతెరువుకు కాదు. నెలకు ఇరవై అమ్మితే వచ్చేది 980 రూపాయలు. ముందు మెడ, వెనక మెడ, రెండు చేతులు కలిసిన పెళ్లి జాకెట్టు సెట్టు 149కి, చిన్న డిజైన్లు పది కలిపి 299కి పెట్టి చూడండి. 49ది అమ్మినా 299ది అమ్మినా మీరు వాట్సాప్‌లో మాట్లాడాల్సిన మాటలు అవే. వెంకటగిరి జరీ చీరల మీదికి, చీరాల నేత చీరల మీదికి సరిపోయేవి అని విడి సెట్లు చేస్తే మన ప్రాంతపు టైలర్లకు వెంటనే అందివస్తాయి.

ఫేస్‌బుక్ గురించి ఒక హెచ్చరిక చాలు. అక్కడి మార్కెట్‌ప్లేస్‌లో గాని, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ షాపుల్లో గాని డౌన్‌లోడ్ చేసుకునే డిజిటల్ వస్తువులను అమ్మకానికి పెట్టడానికి వారి నిబంధనలు ఒప్పుకోవు, కాబట్టి పీడీఎఫ్‌లను అక్కడ పెట్టి ఖాతాకు ముప్పు తెచ్చుకోవద్దు. టైలర్లు, మగ్గం పనివాళ్లు ఉన్న తెలుగు గ్రూపుల్లో చేరి, వాళ్లు అడిగే సందేహాలకు జవాబిస్తూ మీ పాఠం వీడియో ఇవ్వడం మాత్రం ఉపయోగపడుతుంది. నడివయసు టైలర్లు ఇప్పటికీ ఫేస్‌బుక్ చూస్తారు. ఫొటోలు వెతికి దాచుకునే పింటరెస్ట్ గురించి ఎవరూ మీకు చెప్పినట్టు లేరు. డిజైన్లు వెతికేవారు అక్కడికి వెళ్తారు, పెట్టిన ఫొటో చాలాకాలం దొరుకుతుంది, ఫొటో నొక్కితే మీ వీడియోకు వెళ్లేలా లింకు ఇవ్వవచ్చు. నెలకొకసారి కూర్చుని కుట్టిన జాకెట్ల ఫొటోలు పెట్టి వదిలేయండి, అంతకుమించి సమయం ఇవ్వవద్దు.

ఈ ఖాతాలన్నిటికన్నా ముందు మీరు వెళ్లవలసిన చోటు మరొకటి ఉంది. నెల్లూరులో, ఒంగోలులో, మీ కావలి బజారులో పూసలు, జరీ, కుందన్లు, స్టోన్లు అమ్మే దుకాణాల ముందు నిలబడితే మగ్గం పని చేసేవారు వరసగా కనిపిస్తారు. ఆ దుకాణదారుతో మాట్లాడి, ఒక చిన్న డిజైను ముద్రించిన కాగితం, దాని కింద మీ వాట్సాప్‌కు వచ్చే క్యూఆర్ కోడ్ ఉంచేలా ఏర్పాటు చేసుకోండి. సరుకు కొన్నవారికి ఆయన దాన్ని ఉచితంగా ఇస్తాడు, ఆయనకు ఖాతాదారు దగ్గర మంచి పేరు, మీకు కొత్త నంబరు. మీ పీడీఎఫ్‌లో "ఈ డిజైనుకు కావలసిన సరుకు" అని ఒక పట్టిక ఇస్తే ఆయనకు అది మరింత ఇష్టం. ఇంటర్నెట్‌లో అమ్మే వస్తువుకు వీధి దుకాణమేమిటని తమ్ముడు నవ్వవచ్చు. నవ్వనివ్వండి.

నంబర్లు రాసి పెట్టుకోమని నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించినప్పుడు, అక్కడ లక్షల మందిని పోగు చేసుకున్నవారికి మరుసటి రోజు నుంచి వాళ్లను చేరే దారి లేకుండా పోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి, మూడూ ఒకే సంస్థవి కనుక. కొన్నవారి పేరు, ఊరు, నంబరు, ఏ డిజైను కొన్నారన్నది ఒక నోటు పుస్తకంలోనో, ఎక్సెల్ షీటులోనో వాట్సాప్‌తో సంబంధం లేకుండా ఉంచుకోండి. ఆ పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వవద్దు.

పన్ను గురించి భయం వద్దు. పీడీఎఫ్ అమ్మకాన్ని జీఎస్టీలో సేవగానే చూస్తారు, సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు మీలాంటివారికి రిజిస్ట్రేషన్ అవసరం రాదు. మీరు జాకెట్లు కుట్టిన కూలీ కూడా ఆ రాబడిలో కలుస్తుంది కాబట్టి రెండు లెక్కలూ రాసుకోండి, ఆదాయపు పన్ను విషయం ఊళ్లోని అకౌంటెంటును ఒకసారి అడగండి.

ఉన్న గంటన్నరను ఇలా పంచుకుంటే సరిపోతుందని నా అంచనా. వారంలో రెండు రోజులు వీడియో తీయడానికి, ఒక రోజు దాన్ని కత్తిరించి శీర్షిక రాసి పెట్టడానికి, రెండు రోజులు కొత్త డిజైను గీయడానికి ఉంచండి. వాట్సాప్ జవాబులు రోజూ సాయంత్రం అరగంట. ఇన్‌స్టాగ్రామ్‌కు వేరే పని చేయవద్దు, పాఠం వీడియోలోనే బాగున్న అర నిమిషం ముక్క అక్కడ పెట్టండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మగ్గాల మీద పని తగ్గుతుంది, నేర్చుకోవాలనుకునేవారికి తీరిక దొరుకుతుంది. మీ ముఖ్యమైన పాఠాలు ఆ నెలలో వచ్చేలా, పెళ్లి సెట్లు శ్రావణానికి, మాఘానికి మూడు వారాల ముందే సిద్ధంగా ఉండేలా చూసుకోండి. ఆర్డరు చేతికి వచ్చాకే డిజైను వెతుక్కుంటారు కనుక, మీరు వాళ్లకన్నా ముందుండాలి.

ఇక మీ వారి పదివేల మాట. ప్రకటన తప్పు కాదు, దానికి సమయం రాలేదు. పదివేలు పెడితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, అంటే 11,800. ఆ డబ్బు తిరిగి రావాలంటే 49 రూపాయల డిజైన్లు 241 అమ్ముడుపోవాలి, ప్రస్తుతం నెలకు ఇరవై అమ్ముతున్నారు. పైగా ఈ రోజున మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టును డబ్బు కట్టి ప్రకటనగా మార్చే "బూస్ట్" నొక్కితే అది మీ పోస్టును ఇప్పుడు లైకులు కొడుతున్నవారిలాంటి వారికే చూపించే ప్రమాదం ఉంది. ఆ పదివేలలో కొంత పెట్టి ఫోను స్టాండు, దీపం, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు కొనమనండి, దుకాణాల్లో పెట్టే కాగితాలు ముద్రించమనండి, మిగిలింది దాచమనండి. 149, 299 రూపాయల సెట్లు ప్రకటన లేకుండానే వారానికి పది దాకా పోతున్నాయని, ఏ వీడియో చూసి వచ్చినవారు ఎక్కువగా కొంటున్నారో మీకు తెలుస్తోందని అనిపించిన రోజున, ఆ ఒక్క వీడియోను నేరుగా వాట్సాప్‌కు తెచ్చే ప్రకటనగా మార్చి, రోజుకు రెండు వందల చొప్పున ఒక వారం నడపండి. వచ్చినవారికి వేరే లేబుల్ పెట్టి, వారిలో ఎంతమంది కొన్నారో లెక్క చూశాకే రెండో వారానికి డబ్బు పెట్టండి.